చొక్కా నిజమే, నెత్తురూ నిజమే - కథ అబద్ధం

దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరా మనలో చాలామంది చిన్నతనం నుంచి వింటూ వచ్చిందే. అన్నలు తమ్ముణ్ణి బావిలో పడవేసి, చీకటిపడే వేళకు ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చారు. తమ్ముణ్ణి తోడేలు తినేసిందన్నారు. సాక్ష్యంగా ఒక చొక్కా తెచ్చి తండ్రి ముందు పెట్టారు. దాని నిండా నెత్తురు మరకలు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఆ చొక్కా నకిలీది కాదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) తొడుక్కున్న చొక్కాయే. ఆ నెత్తురు కూడా రంగునీళ్ళు కాదు. ఒక జంతువును కోసి పూసిన నెత్తురని వ్యాఖ్యాతలు రాశారు. చొక్కా నిజం, నెత్తురూ నిజం. ఒకదాని మీద మరొకటి వేసినప్పుడు మాత్రమే అబద్ధం పుట్టింది.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఆ సాక్ష్యానికి లొంగలేదు. మనిషిని చీల్చి తిన్న తోడేలు చొక్కాను మాత్రం చింపకుండా ఎలా వదిలిందని ఆయన సందేహించినట్టు తఫ్సీర్ గ్రంథాలు చెబుతాయి. అదే సూరాలో కొంత ముందుకు వెళితే మరో చొక్కా వస్తుంది. ఈజిప్టు ప్రభువు భార్య యూసుఫ్ (అలైహిస్సలాం) మీద నింద మోపినప్పుడు, చొక్కా ముందువైపు చిరిగిందా, వెనకవైపు చిరిగిందా చూడమని ఆ ఇంటి మనిషే ఒకరు సలహా ఇచ్చారు. వెనకవైపే చిరిగి ఉంది. నిర్దోషిత్వం తేలిపోయింది. కంటికి కనిపించిన దాన్ని వెంటనే నమ్మవద్దనీ, పరీక్షించి చూడమనీ చెప్పే పాఠం ఒకే సూరాలో రెండుసార్లు వచ్చిందన్న మాట.

ఆ నెత్తుటి చొక్కా నేడు మన జేబులోని ఫోనులో ఉంది.

అతుకు వేసే విద్య

ఒక ఫొటో మీద మరో ఫొటోను అతికించడం ఇప్పుడు గొప్ప విద్యేమీ కాదు. కింద ఒక చిత్రం ఉంచుతారు. రెండో చిత్రంలో తమకు కావలసిన ముఖాన్నో, మనిషినో అంచు వెంబడి కత్తిరించి పైన పెడతారు. పై పొరను కాస్త పారదర్శకంగా చేసి, కింది దానితో కొలత సరిపోయేలా సర్దుతారు. అంచులు మెత్తబరుస్తారు. వెలుతురు, నీడ కుదురుస్తారు. ఆఖరున పొరలన్నీ కలిపి ఒకే ఫొటోగా భద్రపరుస్తారు. అక్కడితో అతుకు మాయం. చేతికి వచ్చిన ఫొటోలో పొరలు వేరుగా ఉండవు గనుక, చూసేవాడికి అది ఒకే క్షణంలో తీసిన ఫొటోలాగే కనిపిస్తుంది.

ఈ పని కంప్యూటర్‌తో మొదలు కాలేదు. 1857లోనే రైలాండర్ అనే ఫొటోగ్రాఫర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లను కలిపి ఒకే చిత్రం తయారుచేసి ఇంగ్లండులో ప్రదర్శనకు పెట్టాడు. మన స్టూడియోల వాళ్ళు పెళ్ళి ఆల్బముల్లో వధూవరులను తాజ్‌మహల్ ముందు నిలబెట్టడం మనకు తెలిసిందే. మునుపు దానికి డార్క్‌రూమ్, నేర్పు, రోజుల తరబడి శ్రమ కావలసి వచ్చేవి. 1990లో ఫొటోషాప్ వచ్చింది. 1994లో దానికి పొరల సౌకర్యం చేరింది. 2023లో మైక్రోసాఫ్ట్ కంపెనీ పిల్లలు బొమ్మలు గీసుకునే పెయింట్ ప్రోగ్రాములో కూడా పొరలు పెట్టింది. ఒకప్పుడు పనివాడి చేతిలో ఉన్న పనిముట్టు ఇప్పుడు పదేళ్ళ పిల్లవాడి చేతికి వచ్చింది.

పనిముట్టును నిందించి లాభం లేదు. కత్తి కూరగాయలూ తరుగుతుంది, గొంతూ కోస్తుంది. ప్రశ్న పనిముట్టు గురించి కాదు, సాక్ష్యం గురించి. ఫొటో చూపించడమంటే 'ఇది జరిగింది, నేను సాక్షిని' అని చెప్పడమే. అప్పుడు అతుకు వేసిన ఫొటోను నిజమని చూపించడం దొంగ సాక్ష్యం కాక మరేమవుతుంది?

దొంగ సాక్ష్యం ఎంత పెద్ద పాపమో మనకు తెలియనిది కాదు. ఘోర పాపాల గురించి చెబుతూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆనుకుని కూర్చున్నవారు నిటారుగా లేచి కూర్చుని, దొంగ సాక్ష్యం గురించి పదే పదే హెచ్చరించారనీ, ఇక ఆపితే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటను తిరిగి తిరిగి చెప్పారనీ సహీహ్ బుఖారీలో ఉంది.

ఒకే అస్థిపంజరం, రెండు మతాలు

ఇప్పుడొక ఉదాహరణ. ఎడారి ఇసుకలో తవ్వకం. గోతిలో బ్రహ్మాండమైన మనిషి అస్థిపంజరం. దాని పుర్రె పక్కన పనివాడు చీమంత కనిపిస్తాడు. ఈ ఫొటో మన ఊళ్ళలో ఎంతమంది చేతులు మారిందో లెక్క లేదు. సౌదీ అరేబియాలోని రుబుల్ ఖాలీ ఎడారిలో ఆద్ జాతి మనిషి ఎముకలు దొరికాయని దాని కింద రాసి ఉంటుంది. ఇది 2004లోనే ఇంటర్నెట్‌లో తిరగసాగింది. అదే సంవత్సరం బంగ్లాదేశ్‌లో ఒక పత్రిక దాన్ని వార్తగా అచ్చువేసింది కూడా.

అసలు సంగతి ఏమిటంటే, 2000 సంవత్సరంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం హైడ్‌పార్క్‌లో కార్నెల్ విశ్వవిద్యాలయం వారు ఏనుగు జాతికి చెందిన మాస్టోడాన్ అనే ప్రాచీన జంతువు ఎముకలు తవ్వారు. ఆ తవ్వకాన్ని పైనుంచి తీసిన ఫొటో ఒకటి ఉంది. 2002లో ఫొటోలు మార్చే పోటీ ఒకటి జరిగితే, ఒక కళాకారుడు ఆ ఫొటో మీద మనిషి అస్థిపంజరం అతికించి పోటీకి పంపాడు. బహుమతీ గెలుచుకున్నాడు. ఎవరినీ మోసగించాలన్న ఉద్దేశం అతనికి లేదు. నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థ 2007లో ఈ కథంతా వివరంగా ప్రచురించింది.

ఇందులో మనం సిగ్గుపడవలసిన భాగం ఇంకొకటుంది. అదే 2007లో, అదే అస్థిపంజరం మన దేశంలోని ఒక హిందూ మాసపత్రికలో ఉత్తర భారతంలో దొరికిందన్న కథతో వచ్చింది. అక్కడ అది భీముని కొడుకు ఘటోత్కచునికి సంబంధించినదైంది. ఆ పత్రిక సంపాదకుడు తాను మోసపోయినట్టు ఒప్పుకుని, తరువాతి సంచికలో సవరణ వేశాడు. ఒకే ఎముకల గూడు ఒకరికి ఆద్ జాతి, మరొకరికి ఘటోత్కచుడు! ఎవరి నమ్మకానికి తగ్గట్టు వారు దాని కింద పేరు రాసుకున్నారు. సవరణ వేసుకున్న ఆ సంపాదకుడి పాటి నిజాయితీ, ఆ ఫొటోను పదిమందికి పంపిన మనలో ఎందరు చూపించాం?

ఆద్ జాతి గురించి అల్లాహ్ ఖుర్ఆన్‌లో చెప్పాడు. వారికి దేహబలం ఇచ్చాడనీ, హజ్రత్ హూద్ (అలైహిస్సలాం) మాట వినక గర్వించినందుకు ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు వీచిన గాలి వారిని నాశనం చేసిందనీ మనం విశ్వసిస్తాం. ఆ విశ్వాసానికి ఒక ఫొటో పోటీలో బహుమతి పొందిన బొమ్మ ఆసరా కావాలా? అల్లాహ్ వాక్యానికి అబద్ధాన్ని ఊతకర్రగా ఇచ్చేవాడు దాన్ని నిలబెడుతున్నాడా, అవమానిస్తున్నాడా? రేపు ఆ బొమ్మ బూటకమని తెలుసుకున్న కాలేజీ కుర్రాడు బొమ్మతో పాటు ఆయత్‌ను కూడా అనుమానిస్తే ఆ పాపం ఎవరిది?

మన పక్షాన ఉన్న అబద్ధం

'మంచికే కదా! నలుగురికీ ఈమాన్ పెరుగుతుంది కదా!' అని వాదించేవారున్నారు. ఈ వాదన కొత్తది కాదు. హిజ్రీ రెండో శతాబ్దంలో నూహ్ బిన్ అబీ మర్యమ్ అనే వ్యక్తి ఖుర్ఆన్ సూరాల మహిమలు చెప్పే హదీసులను తానే కల్పించాడు. ఎందుకలా చేశావని అడిగితే, జనం ఖుర్ఆన్‌ను పక్కనపెట్టి ఫిఖ్‌హ్ చర్చల్లో, యుద్ధగాథల్లో మునిగిపోతున్నారు, వారిని మళ్ళీ ఖుర్ఆన్ వైపు తిప్పడానికే చేశానని జవాబిచ్చాడట. ఉద్దేశం వినడానికి బాగానే ఉంది. కానీ హదీసు విద్వాంసులు అతన్ని మెచ్చుకున్నారా? అబద్ధాలకోరుల జాబితాలో చేర్చారు. ఇబ్నుల్ జౌజీ వంటి పండితులు కల్పిత హదీసులను ఏరి గ్రంథాలే రాశారు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పేరిట ఉద్దేశపూర్వకంగా అబద్ధమాడేవాడి చోటు నరకమన్న హెచ్చరిక వారికి గుర్తుంది. 'మంచి కోసం' అనే మినహాయింపు ఆ హెచ్చరికలో వారికి కనిపించలేదు.

పైగా మన పక్షాన ఆడిన అబద్ధం మన నిజాన్నే తినేస్తుంది. 2006లో ఇజ్రాయెల్ విమానాలు బీరూట్ మీద బాంబులు వేసినప్పుడు ప్రజలు చచ్చిపోయింది నిజం, ఇళ్ళు కూలింది నిజం. అప్పుడు రాయిటర్స్ వార్తాసంస్థకు ఫొటోలు ఇచ్చే ఒక ఫొటోగ్రాఫర్ నగరం మీద లేచిన పొగను కంప్యూటర్‌లో ఇంకొంచెం దట్టం చేశాడు. అది బయటపడగానే రాయిటర్స్ అతనితో సంబంధం తెంచుకుని, అతను తీసిన 920 ఫొటోలనూ తన భండారం నుంచి తొలగించింది. అంతటితో పోలేదు. బాంబు దెబ్బలు నిజమా అని అడిగేవారికి అది ఆయుధమైంది. అసలు పొగ చాలదా? దానికి కొసరు కలపడం వల్ల బాధితులకు ఒరిగిందేమిటి?

ఇరవయ్యొకటో శతాబ్దపు మరో యుద్ధంలోనూ ఇదే జరిగింది. 2003లో ఇరాక్‌లోని బస్రా దగ్గర ఒక బ్రిటిష్ సైనికుడు, ఎదురుగా కూర్చున్న ఇరాకీ జనం ఉన్న ఫొటో లాస్ ఏంజెలెస్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. బ్రయన్ వాల్స్కీ అనే ఫొటోగ్రాఫర్ కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు ఫొటోలను కలిపి దాన్ని తయారుచేశాడు. వెనక కూర్చున్న కొందరు మనుషులు రెండుసార్లు కనిపించడంతో దొరికిపోయాడు. పత్రిక అతన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. రెండు ఫొటోలూ నిజమైనవే కదా అని ఆ పత్రిక సరిపెట్టుకోలేదు. రెండు నిజాలు కలిసి చెప్పిన మూడో మాట అబద్ధమని గ్రహించింది. ఒక అమెరికా పత్రిక తన ఉద్యోగి విషయంలో పాటించిన కట్టుబాటు, హదీసు శాస్త్రానికి వారసులమని చెప్పుకునే మనకు ఉండవద్దా?

ఆడపిల్ల ముఖం

ఇంతవరకు చెప్పినది మనం పంచే అబద్ధం గురించి. ఇక మన ఇళ్ళ మీదికి వచ్చే అబద్ధం గురించి చెప్పుకోవాలి. ఇది ఇంకా బాధాకరమైనది.

2021 జూలైలో 'సుల్లీ డీల్స్' పేరిట, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరిట మన దేశంలోని ముస్లిం స్త్రీల ఫొటోలను వారికి తెలియకుండా తీసుకుని, వేలానికి పెట్టినట్టు ఇంటర్నెట్‌లో చూపించారు. విలేకరులు, విద్యార్థినులు, సామాజిక కార్యకర్తలు, ఎవరినీ వదల్లేదు. ఫొటోలు వారివే. పైన అతికించిన వేలం పాట మాత్రం నీచుల కల్పన. ఈ కేసుల్లో అరెస్టయిన వారిలో ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా నిండని విద్యార్థులున్నారు.

మన తెలుగు రాష్ట్రాల్లో 2020 నుంచి అప్పుల యాప్‌ల ఏజెంట్లు ఇంకో రకం దారుణానికి దిగారు. నాలుగైదు వేల రూపాయల బాకీ కోసం అప్పు తీసుకున్నవారి ముఖాన్ని, వారి ఇంటి స్త్రీల ముఖాన్ని నగ్న చిత్రాలకు అతికించి, ఫోనులోని నంబర్లన్నిటికీ పంపుతామని బెదిరించారు, పంపారు కూడా. పరువు పోయిందని ప్రాణాలు తీసుకున్నవారున్నారు. అందులో హిందువులున్నారు, ముస్లింలున్నారు. అతుకు వేసేవాడికి మతంతో పని లేదు.

ఆ ప్రాణాలు ఎవరు తీశారు? బొమ్మ చేసినవాడు ఒక్కడేనా? ఆ బొమ్మ చూసి నమ్మిన బంధువు, నమ్మకపోయినా 'చూశావా' అంటూ ఇంకొకరికి పంపిన పొరుగువాడు, 'నిప్పు లేనిదే పొగ రాదు' అని తీర్పు చెప్పిన పెద్దమనిషి, వీరెవరికీ భాగం లేదా?

ఇక్కడ మనకు ఒక ప్రమాణం ఉంది. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) మీద నింద వచ్చిన సంఘటన గుర్తు చేసుకోండి. ప్రయాణంలో హారం పోగొట్టుకుని వెతకడానికి వెళ్ళి ఆమె వెనకబడిపోయారు. వెనక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజియల్లాహు అన్హు) ఆమెను తన ఒంటె మీద ఎక్కించి, తాను ముందు నడుస్తూ సైన్యాన్ని చేరుకున్నారు. కనిపించిన దృశ్యం అంతే, అది నిజం. కపటులు దాని మీద తమ మురికిని పూశారు. నెల రోజుల పాటు మదీనా అట్టుడికింది. చివరకు నూర్ సూరా ఆయతులు అవతరించి ఆమె పవిత్రతను చాటాయి.

ఆ ఆయతులు నింద పుట్టించినవారిని మాత్రమే మందలించి ఊరుకోలేదు. విన్న వెంటనే సాటి విశ్వాసుల గురించి మంచి తలంపు ఎందుకు కలగలేదని, ఇది పచ్చి నింద అని ఎందుకు అనలేదని విన్నవారిని నిలదీశాయి. తెలియని సంగతిని నోటి నుంచి నోటికి మోస్తూ దాన్ని తేలిక విషయమనుకున్నారే, అల్లాహ్ దగ్గర అది ఎంతో పెద్దదని హెచ్చరించాయి. శీలవతుల మీద నింద మోపి నలుగురు సాక్షులను తీసుకురాలేనివారికి ఎనభై కొరడా దెబ్బల శిక్ష, ఆపైన వారి సాక్ష్యం చెల్లకుండా పోవడం అనే విధులు అదే సూరాలో ఉన్నాయి. రుజువు చూపవలసిన బాధ్యత ఆడపిల్ల మీద కాదు, నింద మోపినవాడి మీద ఉంది.

మరి మన మొహల్లాలో ఏం జరుగుతోంది? ఒక అమ్మాయి ఫొటో మార్ఫింగ్ చేసి వదిలితే, ముందు ఆ అమ్మాయి చదువు మాన్పిస్తాం. ఫోను లాక్కుంటాం. వచ్చిన సంబంధం చెడిపోతుంది. 'నువ్వు ఫొటో ఎందుకు పెట్టావు' అని అడుగుతాం. పాఠశాల గ్రూపు ఫొటోలో నుంచి, చెల్లెలి నిఖా వీడియోలో నుంచి ముఖం కత్తిరించుకోలేరా? హాజీల పాస్‌పోర్టు మీద కూడా ఫొటో ఉంటుంది. 'అసలు ఫొటోలే నిషేధమైతే ఈ బాధ ఉండదు' అనేవారు ఈ విషయం మరిచిపోతున్నారు. ఫొటో ధర్మసమ్మతమా కాదా అనే చర్చ ఉలమాలు చేసుకుంటారు. ఆ చర్చను అడ్డం పెట్టుకుని దోషిని వదిలి బాధితురాలిని శిక్షించడం మాత్రం ఏ మస్లక్‌లోనూ ధర్మం కాదు.

ఫొటోకూ ఇస్నాద్ ఉండాలి

అయితే ఏం చేయాలి? వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కానప్పుడు విచారించి తెలుసుకోవాలనీ, లేకుంటే తెలియక ఒక జాతికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ హుజురాత్ సూరా ఆరవ ఆయత్ బోధిస్తుంది. మన పూర్వ విద్వాంసులు దీన్ని ఒక శాస్త్రంగా మలిచారు. హదీసు ఎంత అందంగా ఉన్నా, 'నీకు ఎవరు చెప్పారు? అతనికి ఎవరు చెప్పారు?' అని గొలుసు చివరిదాకా అడిగారు. ఆ గొలుసే ఇస్నాద్.

ఫొటో విషయంలోనూ అదే అడగాలి. ఎవరు తీశారు? ఎక్కడ, ఎప్పుడు? మొదట ఎక్కడ ప్రచురించారు? 'ఎవరో గ్రూపులో పంపారు' అన్నది ఇస్నాద్ కాదు. ఫొటోను ఇంటర్నెట్‌లో వెతికే సౌకర్యాలున్నాయి. ఆ అస్థిపంజరం ఫొటో వెతికితే దాని చరిత్ర నిమిషంలో బయటపడుతుంది. ముఖం మీద వెలుతురు ఒకవైపు, ఒంటి మీద మరోవైపు ఉన్నదా, నీడలు ఒకే దిక్కున పడ్డాయా, మెడ దగ్గర రంగు మారిందా చూడవచ్చు. కానీ కంటిని మాత్రమే నమ్ముకునే రోజులు పోయాయి. ఇప్పుడు యంత్రమే అతుకు కనపడకుండా చిత్రాన్ని మొత్తంగా పుట్టిస్తోంది. అందుకే కంటి పరీక్ష కన్నా గొలుసు పరీక్ష ముఖ్యం. గొలుసు దొరకని ఫొటోను అక్కడే ఆపేయడం మనకు సాధ్యమే. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునన్న భావం గల హదీసు సహీహ్ ముస్లిం పీఠికలో ఉంది.

మస్జిద్ కమిటీలకు ఒక మనవి. ఒక జుమా ఖుత్బాలో ఈ విషయం చెప్పించండి. నమాజు తర్వాత అరగంట సేపు కంప్యూటర్ తెలిసిన కుర్రాడెవరినైనా పిలిచి, ఒక ఫొటో మీద మరో ఫొటో ఎలా అతికిస్తారో అందరి ముందు చేసి చూపించమనండి. స్త్రీలకు కూడా ఆ ఏర్పాటు చేయండి. ఒక్కసారి కళ్ళారా చూసినవాడు మళ్ళీ అంత తేలికగా మోసపోడు.

ఇలాంటి బొమ్మతో ఏ ఇంటినైనా బెదిరిస్తే భయపడి డబ్బు కట్టవద్దు. వచ్చిన సందేశాలు, నంబర్లు చెరిపేయకుండా భద్రపరచండి. పరువుకు హాని చేయడానికి ఫోర్జరీ చేయడం భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద నేరం. అశ్లీల చిత్రాలను ఎలక్ట్రానిక్ మార్గంలో ప్రచారం చేయడం 2000 నాటి ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద నేరం. ఏ పోలీస్‌స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. తమ పరిధి కాదని తిప్పి పంపే వీల్లేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల మీద జరిగే ఇటువంటి నేరాలను పేరు చెప్పకుండా తెలియజేసే వీలుంది. డబ్బు పోయినప్పుడు 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. ఆ అమ్మాయిని పోలీస్‌స్టేషన్‌కు ఒంటరిగా పంపకుండా మొహల్లా పెద్దలు ఇద్దరు తోడు వెళితే, అది వంద ఉపన్యాసాల పెట్టు.

మనకు బాగా నచ్చిన ఫొటో వచ్చినప్పుడు, మనకు గిట్టనివాడి పరువు తీసే ఫొటో వచ్చినప్పుడు, ఈ రెండు సమయాల్లోనే మన ఈమాన్‌కు అసలు పరీక్ష. మొదటిదాన్ని నమ్మాలనిపిస్తుంది, రెండోదాన్ని పంచాలనిపిస్తుంది. రెండు చోట్లా వేలు ఆపగలిగినవాడే సాక్ష్యం విలువ తెలిసినవాడు. తీర్పుదినాన మన నాలుకలు, చేతులు, కాళ్ళు మన మీద సాక్ష్యం చెబుతాయని నూర్ సూరాలోనే ఉంది. ఫోను మీద ఆడిన వేలు కూడా ఆ చేతిదేనని మరువరాదు.

అబద్ధపు చొక్కాను చూసి మోసపోని వివేకాన్ని, నిజం కోసం ఆగి విచారించే సహనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.